పేరయ్యను మన మైకు ముందు నిలబెడితే



ఈ వారం ఓదార్పు మాట రాయడం లేదు. పోట్లాట మాట రాస్తున్నాను, అదీ మన ఇంట్లోవాళ్ళతోనే. మన కూటాల్లో సాక్ష్యం చెప్పే పద్ధతి ఒక అచ్చులో పడిపోయింది. ఇటుకబట్టీలో చెక్క అచ్చు చూసే ఉంటారు. ఏ చేను మట్టి తెచ్చి వేసినా ఒకే కొలత ఇటుక దిగుతుంది. మన సాక్ష్యాలు అట్లాగే దిగుతున్నాయి. మొదట "లోకంలో ఉన్నప్పుడు" అంటారు. అక్కడ తాగుడు, జూదం, కొట్లాట. ఆ తర్వాత ఒక జబ్బో, యాక్సిడెంటో, డాక్టర్లు చేతులెత్తేయడమో. ఆఖరున ఇల్లు, ఉద్యోగం, సంతానం. తర్వాత చప్పట్లు, ఒక పాట, కానుకలు.

ఇది రాయడానికి కారణం ఉంది. వేసవి కూటాల్లో సాక్ష్యం చెప్పమని పిలుపు వచ్చిన ఒక ఆడబిడ్డ నా దగ్గరికి వచ్చింది. ఏ ఊరి కూటాలో, ఎవరు పిలిచారో చెప్పను. "అయ్యగారూ, నా సాక్ష్యంలో ఏమీ లేదంట. నేను తాగలేదు, చావలేదు, చచ్చి బతకలేదు. ఇంకొంచెం ఏదన్నా కలిపి చెప్పమంటున్నారు" అంది. నవ్వుతూనే అంది గానీ కళ్ళల్లో నీళ్ళున్నాయి. కలిపి చెప్పమంటున్నారు! దేవుని పేరు మీద, దేవుని సన్నిధిలో, కలిపి!

సాక్షి అనే మాట కోర్టులో కూడా వాడతారు. అక్కడ కలిపి చెప్పినవాణ్ణి ఏమంటారో మార్కాపురం కోర్టు మెట్లెక్కిన ఎవరినైనా అడగండి.

ఇంకోవైపు మన చదువుకున్న పిల్లల ఫోన్లలో వేరే రకం కథలు తిరుగుతున్నాయి. మంచి జీతం వచ్చే ఉద్యోగం వదిలి, కొండల్లోకో ఆశ్రమానికో పోయి, కొన్నాళ్ళు మౌనంగా కూర్చుని, చివరికి "నన్ను నేను కనుగొన్నాను" అని రాసుకునే ఆత్మకథలు. పిల్లలు వాటిని ఇష్టంగా చదువుతున్నారు. ఎందుకు చదువుతున్నారో నాకు తెలుసు. వాటిలో కనీసం ఒక మనిషి వెతుకుతూ కనిపిస్తాడు. మన అచ్చు సాక్ష్యాల్లో వెతుకులాట ఉండదు. తాగుబోతు ఒకడు, పిడుగులాంటి దెబ్బ ఒకటి, లాభాల పట్టిక ఒకటి ఉంటాయి, అంతే. కాబట్టి పిల్లల్ని తిట్టను. అయితే ఆ పుస్తకాల భాషతో నాకు పేచీ ఉంది, అది చెబుతాను.

"నన్ను నేను కనుగొన్నాను" అనే వాక్యాన్ని ఒకసారి నోటితో పలికి చూడండి. దోర్నాల బస్టాండు దగ్గర పూలమ్మే అవ్వ ఈ మాట అంటుందా? "నాకు తెలివొచ్చింది" అంటుంది. "నా కళ్ళు తెరుసుకున్నయి" అంటుంది. "నాకు దేవుడు అగుపడినాడు" అంటుంది. మన భాష తీరు చూడండి. ఆకలి నాకు వేస్తుంది. జ్వరం నాకు వస్తుంది. నిద్ర నాకు పడుతుంది. సంగతి నాకు తెలుస్తుంది. బతుకులో పెద్ద సంగతులన్నీ తెలుగులో మన దగ్గరికి నడిచి వస్తాయి. మనం పోయి పట్టుకొచ్చినట్టు చెప్పుకోము. ఆ ఇంకో వాక్యం ఇంగ్లీషులో పుట్టి తెలుగు చొక్కా తొడుక్కుంది. పౌలు గలతీయులకు రాస్తూ (4:9) వాళ్ళు దేవుణ్ణి ఎరిగారని మొదలుపెట్టి, నడిమధ్యలో ఆగి తన మాట తానే దిద్దుకుంటాడు, దేవుడే వాళ్ళను ఎరిగాడని. అపొస్తలుడే మధ్యలో ఆపి సరిచేసుకున్న వ్యాకరణం అది. మన అవ్వకు ఆ దిద్దుబాటు అక్కర్లేదు. ఆమె భాషలోనే ఉంది.

తప్పిపోయిన కుమారుని కథలో లూకా 15:17 తీయండి. గ్రీకులో అక్కడున్న మాటను ఉన్నదున్నట్టు చెబితే, అతడు తనలోకి తాను వచ్చాడని అర్థం. మన తెలుగు బైబిలు తర్జుమా చేసినవాళ్ళు దాన్ని బుద్ధి రావడం అన్నారు. మంచి పని చేశారు. ఎందుకంటే తనలోకి తాను రావడం అక్కడ సగం దారే. ఆ పిల్లవాడు పందుల దొడ్డి దగ్గర కూర్చుని "నన్ను నేను కనుగొన్నాను" అని రాసుకోలేదు. లేచాడు, ఇంటిదారి పట్టాడు. ఇంకో సంగతి, దీనికి మళ్ళీ వస్తాను, గుర్తుపెట్టుకోండి: అతనికి బుద్ధి వచ్చింది ఆకలి వల్ల. నాన్న మీద ప్రేమ పొంగి కాదు. నాన్న ఇంట్లో కూలివాళ్ళకు కూడా తిండి మిగులుతుందని గుర్తొచ్చి.

ఇప్పుడు ఒక పుస్తకం సంగతి. ఒంగోలు మిషన్ పేరు వినని క్రైస్తవ ఇల్లు మన పడమటి ప్రకాశంలో లేదు. ఆ మిషన్ నడిపిన జాన్ క్లౌ దొర బతుకు కథ 1914లో న్యూయార్కులో మాక్మిలన్ వాళ్ళ ద్వారా అచ్చయింది. పేరు 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్'. దొర 1910లోనే చనిపోయాడు. ఆయన చెప్పిందంతా కూర్చి రాసింది భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. అంటే "నేను" అని మాట్లాడేది ఆయన, కలం ఆమెది. ఆమె అంతకుముందే, 1899లో, 'వైల్ సోయింగ్ శాండల్స్' అని ఇంకో పుస్తకం తెచ్చింది. చెప్పులు కుట్టుకుంటూ అని అర్థం. అది మన మాదిగ పెద్దల పాత కథలు, గురువుల కథలు వాళ్ళ నోట విని రాసిన పుస్తకం. ఈ రెండూ చదివితే మన ముత్తాతల ఆత్మీయ ప్రయాణం ఎట్లా నడిచిందో తెలుస్తుంది. అందులో ముందు నిలబడే మనిషి ఎర్రగుంట్ల పేరయ్య.

పేరయ్యది తాళ్ళకొండపాడు, ఒంగోలుకు పడమటి దిక్కు. మాదిగ కులస్తుడు. ప్రభువును ఎరగక ముందు ఆయన ఏం చేసేవాడు? మన అచ్చు ప్రకారమైతే తాగుతూ ఉండాలి. కానీ ఆయన రాజయోగం సాధన చేసేవాడు. వీరమ్మ అనే గురువమ్మ దగ్గర ఉపదేశం తీసుకున్నాడు. తానే కొందరికి గురువయ్యాడు, శిష్యులుండేవారు. పోతులూరి వీరబ్రహ్మం గారి తత్వాలు పాడే గాలి మన నేల మీద అప్పటికే వీచింది. గిద్దలూరు దాటి కడప వైపు పోతే కందిమల్లాయపల్లె ఎంత దూరమో మీకు తెలుసు. బ్రహ్మంగారి శిష్యుల కథల్లో మాదిగ కక్కయ్య ఉన్నాడు, దూదేకుల సిద్దయ్య ఉన్నాడు. గుడి లోపలికి రానివ్వని జనానికి ఆ బోధలో ఒక తలుపు తెరిచి ఉంది. దేవుడు గుడిలో కాదు, లోపల ఉన్నాడంటే, లోపలికి పోవడానికి పూజారిని అడగనక్కర్లేదు కదా. పేరయ్య ఆ తలుపు దగ్గర ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి.

తర్వాత తోళ్ళ బేరం మీద ఉత్తరాదికి పోయినప్పుడు ఏలూరు, పాలకొల్లు వైపు మిషనరీల బోధ చెవినబడింది. విన్నాడు, ఊరికి వచ్చాడు, ఊరుకోలేకపోయాడు. 1866లో ఆయనా, భార్య నాగమ్మా బాప్తిస్మం తీసుకున్నారు. ఊరికి తిరిగి వచ్చి తనవాళ్ళకు చెప్పాడు. మరుసటి సంవత్సరం జనవరిలో క్లౌ దొర తాళ్ళకొండపాడు దగ్గర డేరా వేస్తే, చుట్టుపక్కల పల్లెల నుండి జనం తిండి మూట కట్టుకుని వచ్చి రోజుల తరబడి కూర్చుని నేర్చుకున్నారు. ఆ నెలలో అక్కడ 28 మంది బాప్తిస్మం పొందారు. ఆ 28 మందిని తెచ్చింది దొర ప్రసంగం అనుకోకండి. దొర వచ్చే లోపు పొలం దున్ని ఉంచిన మనిషి ఒకడున్నాడు.

ఇక్కడే ఆ పుస్తకం నాకు నచ్చింది. క్లౌ దొర సర్వేయరు పని చేసిన మనిషి, కొలతల మనిషి. చదువుకునే రోజుల్లో దేవుని సంగతి పట్టించుకోక, తర్వాత మారుమనస్సు పొందినవాడు. మన దేశానికి వచ్చేటప్పుడు ఆయన దగ్గర కూడా ఒక అచ్చు ఉంది: ఇక్కడంతా చీకటి, నేను దీపం. ఆ అచ్చులో పేరయ్య ఇమడలేదు. ఇమడని మనిషిని చూసి దొర మనిషిని పగలగొట్టలేదు, అచ్చునే సడలించుకున్నాడు. పేరయ్య యోగాన్ని సైతాను పని అని కొట్టిపారేయకుండా, ఆ వెతుకులాటే ఆయన్ని సిద్ధపరచిందని ఆ ఇద్దరు దంపతులూ రాసి పెట్టారు. ఆత్మీయ ఆత్మకథ అంటే నా లెక్కలో అది. చెప్పేవాడు ఎదుటివాడి వల్ల మారినట్టు కనబడాలి.

ఇప్పుడు పేరయ్యను తెచ్చి మన కూటాల మైకు ముందు నిలబెట్టండి. నిర్వాహకులు ఏమంటారు? "అన్నా, యోగం సంగతి తీసెయ్. లేకపోతే దయ్యాలు పట్టినయ్ అని చెప్పు. ఆ గురువమ్మ పేరు ఎత్తొద్దు. జబ్బేమన్నా చేసిందా? పోనీ తోళ్ళ బేరంలో లాభమొచ్చిందా?" నేను ఎగతాళికి రాయడం లేదు. ఈ ప్రశ్నలు దాదాపు ఇవే మాటల్లో ఆ ఆడబిడ్డను అడిగారు.

"లోకంలో ఉన్నప్పుడు" అనే మాటను తీసుకుని విప్పి చూద్దాం. ఏ లోకం? మీ నాయనమ్మ ప్రతి శివరాత్రికి చెప్పుల్లేకుండా శ్రీశైలం కొండ ఎక్కి ఉండొచ్చు. మన దోర్నాల రోడ్డు మీదే కదా ఆ జనం పోయేది. శివరాత్రి వచ్చిందంటే మన వాకిట్లో నుంచే నడుస్తారు, కాళ్ళు బొబ్బలెక్కినవాళ్ళు, చంకలో పిల్లలున్నవాళ్ళు. ఆ నడకలో ఉన్న దాహాన్ని "లోకం" అని ఒక్క మాటలో చుట్టి పారేస్తామా? అపొస్తలుల కార్యములు 17లో పౌలు ఏథెన్సులో తెలియని దేవుని బలిపీఠం చూసి, ఆ ఊరివాళ్ళను తిట్టడంతో మొదలుపెట్టలేదు, వాళ్ళ భక్తితో మొదలుపెట్టాడు. 10వ అధ్యాయంలో కొర్నేలి ప్రార్థనలూ ధర్మకార్యాలూ పేతురు రాకముందే పైకి చేరాయి. ఫిలిప్పీ 3లో పౌలు తన పాత బతుకు లెక్క చెబుతాడు. అందులో తాగుడు లేదు, జూదం లేదు. వంశం, ధర్మశాస్త్రం, ఆసక్తి, ఇవే. అతడు వాటిని నష్టంగా ఎంచుకున్నాడు గానీ, బురద పూసి చూపలేదు. మంచిది కాబట్టే, వదులుకుంటే నష్టమయింది.

పాతదానికి బురద పూయడంలో ఇంకో అపాయం ఉంది. మన పక్కింటివాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. మైకు పెట్టి మన తాతలు రాళ్ళకు మొక్కిన మూఢులని అరిస్తే, ఆ మాట గోడ దాటి ఎవరి చెవిన పడుతుంది? సాయంత్రం మనకు చింతపండు బదులిచ్చే అక్క చెవిన. అది సాక్ష్యం అనిపించుకోదు, పొరుగువాళ్ళను తిట్టడం అవుతుంది.

ఇక ముల్లు లాంటి మాటకు వస్తాను. మీ పెద్దోళ్ళు బియ్యం కోసం, పిండి కోసం మతం పుచ్చుకున్నారు అని మీలో ఎంతమందిని అన్నారు? పని చేసే చోట, కాలేజీలో, ఫోను గ్రూపుల్లో. నన్నూ అన్నారు. ఆ మాటకు జవాబు ఆ పుస్తకంలోనే ఉంది. కానీ మన అచ్చు సాక్ష్యాలు ఆ జవాబును చంపేస్తున్నాయి, అందుకే నాకీ కోపం.

1876 నుండి 1878 దాకా పెద్ద కరువు. క్లౌ దొర సర్వేయరు కాబట్టి బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని, కరువు జనానికి కూలి ఇప్పించాడు. పగలు తవ్వకం, పొద్దు గూకినాక బోధకులు జనం మధ్య కూర్చుని మాట్లాడేవాళ్ళు. కూలి కోసం వచ్చినవాళ్ళు బాప్తిస్మం అడిగారు. దొర ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి, సాయం ఆగిపోయినాక కూడా వస్తే అప్పుడు చూద్దాం అన్నాడు. సాయం ఆగింది. జనం వచ్చారు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఎవరనుకున్నారు? ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున. ఆ నీళ్ళు కూడా మనవే. గుండ్లకమ్మ మన నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కంభం చెరువు నింపి, అటు దిగుతుంది.

ఇది లెక్కల జవాబు. ఎవరైనా అంటే చెప్పండి. అయితే నా మనసులో ఉన్న అసలు జవాబు ఇది కాదు. ఆకలి కోసం వచ్చారనే అనుకుందాం, ఏం తప్పు? లూకా 15 కుమారుడు ఎందుకు లేచాడు? గుర్తుపెట్టుకోమన్నాను కదా. కూలివాళ్ళకు దొరికే రొట్టె గుర్తొచ్చి లేచాడు. దారి పొడవునా చెప్పాల్సిన మాట వల్లె వేసుకుంటూ వచ్చాడు. కొడుకుగా కాదు, కూలివాడిగా పెట్టుకోమని. ఆ తండ్రి ఏం చేశాడు? తిండి కోసం వచ్చావా, ప్రేమతో వచ్చావా అని ఎంక్వైరీ పెట్టాడా? కొడుకు వల్లె వేసిన మాట పూర్తి కాకముందే వంట మొదలుపెట్టించాడు. కడుపు నిండినవాడు కొండలకు పోయి తనను తాను కనుగొంటే దానికి ఆధ్యాత్మిక ప్రయాణం అని పేరు. కడుపు ఎండినవాడు కాలువ గట్టు మీద దేవుణ్ణి అడిగితే దానికి మత మార్పిడి అని పేరు. ఈ రెండు పేర్లు పెట్టింది ఎవరు? ఆలోచించండి.

కానీ చూడండి, మనం మన కూటాల్లో ఏం చెబుతున్నాం? ప్రభువు దగ్గరికి వచ్చాను, స్థలం వచ్చింది, లోను సాంక్షన్ అయింది, బండి కొన్నాను. అంటే బియ్యం కోసం వచ్చారు అన్నవాడి మాటకు మనమే మైకు పెట్టి సాక్ష్యం చెబుతున్నాం. మన ముత్తాతలు చేతులో చిల్లిగవ్వ లేని రోజున నీళ్ళలో దిగారు. బాప్తిస్మానికి ముందు వాళ్ళను అడిగిన షరతులు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్న సంగతులే. ఆ రోజుల్లో వెట్టి చేసే మనిషి ఆదివారం పనికి రాను అంటే ఆసామి ఊరుకుంటాడా? జాతరకు డప్పు కొట్టను అంటే ఊరు ఊరుకుంటుందా? చచ్చిన గొడ్డును వద్దనుకుంటే ఆ ఇంట్లో ఆ నెల ఏం వండుతారు? దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు. వాళ్ళ సాక్ష్యం వాళ్ళకు ఖర్చు పెట్టించింది. మనం మన సాక్ష్యాన్ని రాబడి కింద రాసుకుంటున్నాం.

ఒంగోలులో మొదట్లో పై కులాల పిల్లలు బడికి వచ్చేవాళ్ళు, మాదిగలను చేర్చుకుంటే మేము రాము అన్నారు. ఆ రోజు దొర ఒక గదిలో, భార్య హ్యారియెట్ ఇంకో గదిలో, ఒకరికొకరు తెలియకుండా గ్రంథం తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ 1:26 దగ్గరే తెరుచుకుందని ఆ పుస్తకంలో ఉంది. లోకం లెక్కలో ఏమీ కానివాళ్ళను దేవుడు ఏర్పరచుకున్నాడన్న సంగతి ఆ వచనాల్లో ఉంటుంది. ఈ ముక్క మన ప్రసంగాల్లో చాలాసార్లు విన్నారు. నేను అడిగేది వేరే. దేవుడు ఏర్పరచుకున్నది వాళ్ళను వాళ్ళుగా. పేరయ్యను యోగం చేసిన పేరయ్యగా, నాగమ్మను నాగమ్మగా. అచ్చులో పోసినాక కాదు.

ఇంతా పొగిడి ఆ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకోమంటున్నానని అనుకోకండి. దాంతోనూ నాకు తగువుంది. పేరయ్య మాట్లాడింది తెలుగు. మనకు మిగిలింది ఇంగ్లీషు. దేవుని గురించి ఆయన ఏ మాట వాడాడు? వెలుగు అన్నాడా, బయలు అన్నాడా, గురువు అన్నాడా? మొదటిసారి ప్రార్థించినప్పుడు నీవు అన్నాడా, మీరు అన్నాడా? మన నేల మీద ఇంత పెద్ద వెతుకులాట జరిగితే, వెతికినవాడి "నేను" అనే మాట ఇంకొకరి నోట, ఇంకో భాషలో ఉంది. నాగమ్మ అయితే పేరుకు తప్ప మాటకు నోచుకోలేదు. ఆమె ఎందుకు భర్త వెంట నీళ్ళలో దిగింది? వెంట దిగిందా, ముందు దిగిందా? వీరమ్మ సంగతి సరే సరి. ఒక ఆడమనిషి గురువై కూర్చుని శిష్యులకు ఉపదేశం ఇచ్చిన కాలం మన పక్కనే ఉండి కూడా, ఈ రోజుకీ మనం కొన్ని సంఘాల్లో స్త్రీ బల్ల దగ్గర నిలబడి మాట్లాడొచ్చా అని తర్జనభర్జన పడుతున్నాం. ఇది ఇంకో రోజుకు.

అచ్చు ఇంకెంత పాతదో తెలుసుకోవాలంటే అగస్టీను పుస్తకం చూడండి. నాలుగో శతాబ్దం చివర ఆఫ్రికాలో బిషపుగా ఉన్న ఆయన రాసిన 'ఒప్పుకోలు', 13 భాగాలు. ఆయన బతుకులో అచ్చుకు సరిపోయే సరుకు బోలెడుంది. కానీ రెండో భాగంలో ఎక్కువసేపు నిలబడి తవ్వేది పదహారేళ్ళప్పుడు స్నేహితులతో కలిసి దొంగిలించిన బేరిపండ్ల గురించి. ఆకలి లేదు, ఇంట్లో అంతకంటే మంచి పండ్లున్నాయి, దొంగిలించి పందులకు పారేశారు. ఎందుకు చేశాను అని పేజీలకు పేజీలు. ఇంత చిన్నదాని మీద అంత శ్రమ ఎందుకు? ఎందుకంటే ఆ పుస్తకం మొదటి నుండి చివరిదాకా దేవుని వైపు తిరిగి మాట్లాడుతుంది. ముఖం జనం వైపు ఉంటే పెద్ద పాపం కావాలి, చప్పట్లకు. ముఖం దేవుని వైపు ఉంటే నాలుగు పండ్లు చాలు.

ఆ ఆడబిడ్డను నేను అడిగాను, కలపడం సంగతి పక్కన పెట్టి ఉన్నది చెప్పమ్మా అని. చెప్పింది. మిరప కోతలకు గుంటూరు వైపు పోయినప్పుడు, రాత్రి కల్లంలో పడుకుని, మిరప ఘాటుకు నిద్ర పట్టక, అమ్మ నేర్పిన ప్రార్థన చెప్పుకుంటూ ఉంటే ఒక రాత్రి అది అమ్మ ప్రార్థన కాకుండా పోయిందట. "నాదైపోయింది అయ్యగారూ. ఎట్లయిందో నాకు తెలవదు." అంతే, ఆమె సాక్ష్యం. చేతుల మంట, కల్లం, చీకటి, నాదైపోయింది అనే ఒక మాట. అందులో "అయిపోయింది" అనే క్రియను గమనించండి. ఆమె చేసినట్టు లేదు, ఆమెకు జరిగినట్టు ఉంది. ఇందులో ఏమీ లేదని ఆమెతో అన్నవాళ్ళు ఈ రాత ఎక్కడన్నా చదివితే, నేను కోపంగానే ఉన్నానని తెలుసుకోవాలి. ఆ కూటాలకు ఆమె పోలేదు. మన సంఘంలో ఆదివారం చెప్పింది. మూడు నిమిషాలు పట్టింది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. సాక్ష్యాలు వీడియో తీసి పెట్టే తమ్ముళ్ళు ముందు అడగండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల గుర్తింపు హిందువులకు, తర్వాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. క్రైస్తవుడైన దళితుడు మన రాష్ట్రంలో బీసీ-సి లోకి పోతాడు. పిల్లల చదువు, ఉద్యోగం ఆ కాగితం మీద ఆధారపడి ఉన్నాయి. కొందరు ముఖం చూపించొద్దంటే దాన్ని నేను పిరికితనం అనను. పేరయ్య కథ పేరుతో రాయగలిగారు. మన కాలంలో కొందరి కథ పేరు లేకుండా ఉండాల్సి రావచ్చు. ఆ ఉత్తర్వు న్యాయమా కాదా అనేది మనవాళ్ళు కోర్టుల్లో ఏళ్ళ తరబడి అడుగుతున్నారు.

ఇక పని చెబుతాను. మన సంఘంలో ఎనభై దాటిన వాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళ తాతల నోట కరువు మాటలు, కాలువ మాటలు విన్నవాళ్ళు వీళ్ళే. వీళ్ళు పోతే ఆ మాటలు పోతాయి. యవ్వనస్తులు ఫోనులో రికార్డు పెట్టి ఒక్కొక్కరి పక్కన కూర్చోండి. తొందర పెట్టకండి. "ప్రభువును ఎట్లా నమ్ముకున్నావు అవ్వా" అని మొదలే అడగొద్దు, అచ్చు మాటలే వస్తాయి. చిన్నప్పుడు మీ ఇంట్లో ఏం వండేవాళ్ళు, ఎవరి చేలో పని చేసేవాళ్ళు, మీ నాయన ఏం పాటలు పాడేవాడు అని అడగండి. బ్రహ్మంగారి తత్వం పాడితే పాడనివ్వండి, ఆపొద్దు. మధ్యలో స్తోత్రం, హల్లెలూయ మీరు కలపొద్దు. రాసేటప్పుడు "యాడికి" అంటే "ఎక్కడికి" అని దిద్దొద్దు. "అగుపడినాడు" అంటే "ప్రత్యక్షమయ్యెను" అని మార్చొద్దు. ఆడవాళ్ళను వాళ్ళ మగవాళ్ళు లేనప్పుడు అడగండి.

మొదటి పేరు నేనే రాసుకున్నాను. పడమటి వీధిలో మా పెద్దమ్మ వరసయ్యే ఆమె, చెవులు సరిగ్గా వినబడవు, గట్టిగా అడగాలి. శనివారం పొద్దు గూకినాక వస్తానని చెప్పాను. రికార్డు పెట్టడం చేతనైన పిల్లలు ఒకరిద్దరు నాతో రండి, నా ఫోనులో జాగా లేదు.